కోర్టుకు చేరని తప్పు

భర్త విడాకులిచ్చిన ఒక చెల్లెలు భరణం గురించి అడగడానికి కెరమెరి నుంచి ఆసిఫాబాద్ కోర్టుకు వస్తుంది. బస్సు చార్జీ, పోయిన కూలి, వకీలు ఫీజు అన్నీ లెక్కవేసుకునే వస్తుంది. వకీలు చెప్పేది నిజమో కాదో తేల్చుకునే మార్గం ఆమెకు లేదు. నమ్మడమొక్కటే ఆమె చేయగలిగింది. ఆ వకీలు ఆమె ప్రశ్నను చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధకు అప్పగించి, అది చెప్పిన జవాబునే తన సలహాగా వినిపిస్తే?

యంత్రం కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించిన ఇద్దరు వకీళ్లకు 2023లో న్యూయార్క్ న్యాయమూర్తి అయిదు వేల డాలర్ల జరిమానా విధించారు. విజయవాడలో ఒక ఆస్తి దావాలో 2025లో సివిల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వులోని నాలుగు తీర్పులు అసలు లేనివేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో బయటపడింది. ఈ తప్పులు దొరికాయంటే, పట్టుకునే ఎదుటి పక్షం ఉంది, పైకోర్టు ఉంది. వకీలు గదిలో నోటిమాటగా ఇచ్చిన తప్పుడు సలహాను పట్టుకునేవారెవరు? మా ఆందోళన దాని గురించే.

భరణం సంగతే చూడండి. 1985లో షాబానో తీర్పు, మరుసటి ఏడాదే కొత్త చట్టం, 2001లో డానియల్ లతీఫీ తీర్పు, 2019లో తలాక్ చట్టం. ఆపైన మన తెలంగాణ నుంచే వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద కూడా భరణం కోరవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి తొమ్మిది రోజుల ముందే ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చి, 125 కాస్తా 144 అయింది. ఇన్ని మలుపులు తిరిగిన చట్టంలో యంత్రం ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో చెప్పలేం. ఇద్దత్ వరకే భరణమని అది చెప్పి, వకీలు తలూపితే, ఆ చెల్లెలు ఉత్తచేతులతో బస్సెక్కుతుంది. కేసే పడలేదు కనుక ఆ తప్పు ఏ రికార్డులోనూ ఉండదు.

భూమి విషయంలోనూ అంతే. జైనూరు, తిర్యాణి వంటి ఏజెన్సీ మండలాల్లో 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల ప్రకారం గిరిజనేతరులకు భూమి అమ్మకం చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా సరే. ఊరి పేరు చెప్పకుండా అడిగితే యంత్రం మామూలు రిజిస్ట్రేషన్ చట్టం అప్పజెబుతుంది. జీవితకాలపు పొదుపు అంతా ఆ కాగితం మీద పోతుంది.

ఇక రహస్యం మాట. 2024 సెప్టెంబరులో జైనూరులో దుకాణాలు కాలాయి. అలాంటి కేసులో సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎక్కడ దాక్కున్నారన్న వివరాలు వకీలు చెవిన పడతాయి. కక్షిదారు స్పష్టమైన అనుమతి లేకుండా వాటిని వెల్లడించకూడదని భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ అంటోంది. వాటిని ఏదో దేశంలోని సర్వరుకు టైపు చేసి పంపడం అమానత్‌లో ఖయానత్ కాక మరేమిటి?

యంత్రాన్ని ముట్టుకోవద్దని మేము అనడం లేదు. లైబ్రరీ లేని చిన్న పట్టణంలో జూనియర్ వకీలుకు నోటీసు ముసాయిదాకో, ఉర్దూ కాగితం సారాంశానికో అది అక్కరకొస్తుంది. (సీనియర్ల పాత డిక్టేషన్లలో తప్పులు లేవని కూడా కాదు.) కానీ వాడినట్టు కక్షిదారుకు చెప్పాలి, ప్రతి తీర్పునూ అసలు పాఠంతో సరిచూడాలి, పేర్లు బయటికి పోనివ్వకూడదు. కేరళ హైకోర్టు 2025 జూలైలో తన కింది కోర్టులకు ఇలాంటి నియమాలే పెట్టింది. అవి న్యాయమూర్తులకూ సిబ్బందికీ వర్తిస్తాయి, వకీలు గదికి కాదు. ఆ పని మన బార్ అసోసియేషన్లు చేయాలి. ఉచిత న్యాయ సహాయానికి చట్టప్రకారం ప్రతి స్త్రీకీ హక్కుంది కనుక, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తన ప్యానెల్ వకీళ్లతోనే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాం.

అంతవరకూ మన ఇళ్లవాళ్లు ఒక్క పని చేయవచ్చు. వకీలు సాబ్ ఏ తీర్పు పేరు చెప్పినా మర్యాదగానే దాని నకలు అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే న్యాయ సేవల నంబరు 15100.