బరి పక్కన పెద్దల తగవు

పాఠశాల కబడ్డీ పోటీల్లో పిల్లల కూత కన్నా కోచ్‌ల కేకలే బిగ్గరగా వినిపించే సందర్భాలు అరుదు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మండల స్థాయి నుంచి ఈల పట్టుకొనేది సాధారణంగా వ్యాయామోపాధ్యాయులే. ఒక పాఠశాల మాస్టారు జట్టును నడిపిస్తే మరో పాఠశాల మాస్టారు తీర్పు చెబుతారు. తరువాతి ఆటకు పాత్రలు తారుమారు కావచ్చు. అనుమానానికి ఈ ఏర్పాటే చోటిస్తున్నది. ఓడితే జిల్లా ఎంపిక చేజారుతుంది, రేపు క్రీడల కోటాలో అక్కరకు వచ్చే ధ్రువపత్రమూ చేజారుతుంది. అందువల్ల తన పిల్లలకు అన్యాయం జరిగిందనుకొన్న కోచ్ ఆవేదనను మేము తేలికగా తీసివేయము.

అయితే తగవు ఎక్కడ పుడుతున్నదో చూడాలి. బోనస్ పాయింటునే తీసుకొందాం. ఎదుటి బరిలో కనీసం ఆరుగురు ఉన్నప్పుడు రైడర్ ఒక పాదం బోనస్ గీతను దాటాలి, ఆ క్షణాన రెండో పాదం గాలిలో ఉండాలి. రెప్పపాటులో ముగిసే ఈ కదలికను గీత పక్కనున్న అంపైర్ ఒక వైపు నుంచి, బెంచీ మీది కోచ్ మరో వైపు నుంచి చూస్తారు. ఇద్దరూ నిజాయితీపరులే అయినా ఇద్దరికీ ఒకటే కనబడాలని లేదు. కరణం మల్లీశ్వరి పుట్టిన ఈ సీమలో వెయిట్‌లిఫ్టింగ్ తీర్పు చాలామందికి తెలుసు: ముగ్గురు రిఫరీలలో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే ఎత్తిన బరువు చెల్లుతుంది. కబడ్డీలో ఇద్దరు అంపైర్లు విభేదిస్తే రిఫరీ మాట చెల్లుతుంది. ఒక్కరి చూపు చాలదని ఆటలే ఒప్పుకొన్నాయి.

తీర్పుల గురించి పదేపదే నిలదీయడం, వేలు చూపి పాయింటు కోరడం కబడ్డీ నియమాల ప్రకారం తప్పులే. ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు తాత్కాలిక బహిష్కరణ, ఎర్ర కార్డు వస్తే ఆ ఆటకు దూరమే. కానీ నోరు విప్పగానే కార్డు తీసే అంపైర్ కూడా మాకు నచ్చడు. ఒకసారి వినాలి. అనుమానముంటే తోటి అంపైర్‌ను అడగాలి, పొరపాటైతే మరుసటి రైడ్ మొదలుకాక ముందే దిద్దాలి, తరువాత ఆ మాటను అక్కడే ఆపాలి. కోచ్ కూడా "నీకు కళ్లు లేవా?" అనడం మాని "ఏ నియమం కింద ఇచ్చారు, మాస్టారూ?" అని అడగవచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు ఉండదు, రెండో దానికి ఉంటుంది.

క్రికెట్ ఈ పాఠాన్ని ఖరీదుగానే నేర్చుకొన్నది. 1987లో ఫైసలాబాద్ టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గాటింగ్, అంపైర్ షకూర్ రాణా మైదానంలోనే వేళ్లు చూపుకొని వాదులాడుకొన్నారు. మరునాడు ఒక్క బంతి కూడా పడలేదు, గాటింగ్ క్షమాపణ రాసి ఇచ్చాకే ఆట సాగింది. దానికి ఏడాది ముందు, 1986లో, అదే దేశంలోని లాహోర్‌లో వెస్టిండీస్‌తో టెస్టుకు పాకిస్తాన్ ఇరు జట్లకూ చెందని అంపైర్లను పిలిపించింది. భారతీయులైన ఆ ఇద్దరిలో ఒకరు మన హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. సొంత అంపైర్లపై వినవస్తున్న ఆరోపణకు జవాబు అరుపుతో కాక ఏర్పాటుతో దొరికింది.

మన జిల్లాల్లోనూ కనీసం సెమీఫైనల్, ఫైనల్ ఆటలకు ఆడే రెండు జట్ల మండలాలకూ చెందని మాస్టారును నిలబెట్టడం కష్టమేమీ కాదు. మన ఇళ్లలో ఆడపిల్లను పోటీకి పంపించడమే ఎన్నో మాటల తరువాత తీసుకొనే నిర్ణయం. బరి పక్కన ఇద్దరు పెద్దలు చొక్కాలు పట్టుకోవడం చూసిన తండ్రి, మరుసటి ఏడు ఆ సంతకం పెట్టకపోవచ్చు. నష్టపోయేది ఓడిన జట్టు పిల్లలే కాదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోను రిఫరీ ముఖం ముందు పెట్టడం ఈమధ్య అలవాటైంది. ప్రో కబడ్డీలో రివ్యూ ఉంది, మండల పోటీలో లేదు. ఫిర్యాదు ఉంటే కోచ్ నిర్వాహకులకు రాసి ఇవ్వాలి. ఎవరికి ఇవ్వాలో, ఎంతసేపటిలోగా ఇవ్వాలో మొదటి ఆటకు ముందే మైకులో చదివి వినిపించమని నిర్వాహకులను కోరుతున్నాము.