నొప్పి చెప్పుకోనివ్వని పరుగు

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినపడితే చాలు, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా సాగే అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి అంచున చీకటితోనే పరుగులు మొదలవుతాయి. వాన మీద ఆధారపడిన మెట్ట సేద్యం, ఏళ్ల తరబడి వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపులు, మునుపటి వెలుగు తగ్గిన పలకల పరిశ్రమ. ఇక్కడి కుర్రాళ్లకు ఖాకీ చొక్కా అంటే ఇల్లు నిలబెట్టే జీతం. ఆ జీతానికి, వాళ్లకు మధ్య ఉన్నది ఒక్క పరుగు.

ఆ పరుగులో కాలు దెబ్బతింటే ఏమవుతుందన్నది ఎవరికీ పట్టడం లేదు.

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లను పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. 2022లో అగ్నిపథ్ నియామక పథకం మొదలైనప్పుడు సైన్యం పెట్టిన లెక్క ఇంకా కఠినం. 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లోపు ముగిస్తే 60 మార్కులు, మరో పదిహేను సెకన్లు పడితే 48. నల్లమల అడవిని కాచే బీట్ ఆఫీసర్ కావాలంటే పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. దొంగ వెంట, అడవి వెంట తిరగాల్సిన ఉద్యోగాలివి. దేహ దారుఢ్యం అడగడంలో తప్పులేదు. తప్పు ఆ పరీక్షకు ముందు నడిచే కాలంలో ఉంది.

రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ రాశారు. అందులో నెగ్గిన 95,208 మందికి దేహ దారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు. అన్నాళ్లు ఆశ పెట్టుకుని రోజూ పరుగెత్తడం ఎవరి తరం? కొందరు కూలికి వెళ్లారు, కొందరు హైదరాబాదులో, బెంగళూరులో చిన్న ఉద్యోగాల్లో కుదురుకున్నారు. తేదీ తెలిశాక కొన్ని వారాల్లోనే ఒళ్లు దారికి తెచ్చుకోవాల్సి వచ్చింది. గాయం పుట్టేది సరిగ్గా అక్కడే.

ఎముక కూడా సాధన చేస్తుంది. బరువు పడ్డచోట కాస్త అరిగి, విశ్రాంతిలో మళ్లీ గట్టిపడుతుంది. ఆ విశ్రాంతి ఇవ్వకుండా తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద రోజురోజుకూ దూరం పెంచితే మోకాలి కింద ముందువైపు ఎముకలో సన్నటి పగులు వస్తుంది. మొదట్లో అది ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. ఎముక బాగానే ఉందన్న మాట వినగానే కుర్రాడు నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ రోడ్డెక్కుతాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే అతుక్కునే పగులు, ఆగకపోతే పూర్తిగా విరగవచ్చు. పిక్క పట్టేసిందనో, బెణికిందనో సర్దిచెప్పుకుని పరుగెత్తినవాళ్లకు తర్వాత మెట్లెక్కడమే గండమవుతుంది.

ప్రపంచంలోని గొప్ప మారథాన్ పరుగువీరుల్లో ఒకడైన కెన్యా దేశస్థుడు ఎలియుడ్ కిప్చోగే 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో నడుం నొప్పి భరించలేక ముప్ఫై కిలోమీటర్ల ప్రాంతంలో పందెం నుంచి తప్పుకున్నాడు. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు ఆగగలిగాడు, ఎందుకంటే అతనికి ఇంకో పందెం ఉంది. గిద్దలూరు కుర్రాడు ఆగలేడు. వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు, అప్పటికి వయసు దాటిపోవచ్చు. అందుకే నొప్పిని అమ్మకూ చెప్పడు, కోచింగ్ సారుకూ చెప్పడు.

ఈ పరుగు ప్రాణాల మీదికీ తెస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో పోలీసు ఉద్యోగాల పురుష అభ్యర్థులు 25 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు పరుగెత్తాల్సి వచ్చేది. ఆ పరుగులో కుప్పకూలినవారు, చనిపోయినవారు ఉన్నారు. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని తీసేశాయి. అయినా 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్ల పరుగులో పడిపోయిన ఒక అభ్యర్థి ఇంటికి తిరిగి రాలేదు. జార్ఖండ్‌లో 2024 ఆగస్టులో ఎక్సైజ్ కానిస్టేబుల్ పురుష అభ్యర్థులను గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తించారు. పది మందికి పైగా చనిపోయాక ప్రభుత్వం పరీక్షలను కొన్నాళ్లు ఆపింది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన ఉన్న ఈ ప్రాంతానికి మరో రెండు కష్టాలు ఉన్నాయి. ఒకటి నీళ్లు. కనిగిరి, పొదిలి చుట్టుపక్కల పల్లెలు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలూ కీళ్లూ పాడు చేసుకున్నాయి. అలాంటి ఊరి నుంచి వచ్చిన కుర్రాడు కాలి నొప్పి అంటే డాక్టరు ముందుగా అతను ఏ నీళ్లు తాగి పెరిగాడో అడగాలి. రెండోది దూరం. పోయినసారి పరీక్ష జరిగింది ఒంగోలులో. మార్కాపురం నుంచే వంద కిలోమీటర్లకు దగ్గర, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ. తెల్లవారేసరికి మైదానంలో ఉండాలంటే రాత్రే బస్సెక్కాలి. నిద్రలేని కాళ్లు, సరిగా తినని కడుపు, ఆపైన ఎనిమిది నిమిషాల గడియారం!

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ప్రిలిమినరీ ఫలితం నాడే దేహ దారుఢ్య పరీక్ష తేదీ ప్రకటించి, దానికి కట్టుబడాలి. సాధనకు కనీసం మూడు నెలలు ఉండాలి. గాయపడిన అభ్యర్థికి ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరణ మీద అదే నియామకంలో మరో తేదీ ఇస్తామని నోటిఫికేషన్‌లోనే రాయాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభంలో ఒక్కొక్క కాలేజీ మైదానాన్ని మట్టి ట్రాక్‌గా చదును చేసి, తెల్లవారుజామున లైట్లు వేసి తెరవాలి. నియామక కాలంలో వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు అక్కడికి రావాలి. పరీక్ష మైదానంలో గుండె పరీక్ష పరికరంతో పాటు ఐస్ నీళ్ల తొట్టి ఉండాలి. వడదెబ్బ తగిలినవాణ్ని ముందు చల్లబరిచి, తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి.

వీటిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యేది ఆ మరో తేదీ. అది ఉందని తెలిసిన రోజున ఈ కుర్రాళ్లలో ఎవరైనా మొదటి వారంలోనే ఆగి, కాలు నొప్పిగా ఉందని నోరు తెరిచి చెబుతారు.