మొదటి పెట్టుబడి ఎవరిది?

"మీరే మా మొదటి ఇన్వెస్టర్, మేడమ్" అని స్టార్టప్‌లు పెట్టిన కుర్రవాళ్ళు నాతో అంటుంటారు. కొన్నాళ్ళు ఆ మాట నాకు బాగానే ఉండేది. ఉద్యోగం మానేశాక చేతికొచ్చిన డబ్బులోంచి కొంత తీసి, 2016 నుంచీ హైదరాబాదులో కొత్తగా పుడుతున్న చిన్న కంపెనీల్లో అయిదు లక్షలు, పది లక్షలు చొప్పున పెడుతున్నాను. ఇలాంటివాళ్ళని ఈ రంగంలో ఏంజెల్స్ అంటారు. అంటే దేవదూతలమట! ఆ సంగతి అలా ఉంచి, "మొదటి" అన్నమాట అబద్ధమని నాకు తెలియవలసింది 2017లో, ఒక కంపెనీ లెక్కల పుస్తకం చూస్తుండగా.

ఆ పుస్తకంలో "డైరెక్టరు నుంచి అప్పు" అని 11 లక్షల 40 వేలు రాసి ఉంది. డైరెక్టరంటే ఆ కుర్రవాడే. అప్పటికి అతను ఉద్యోగం మానేసి రెండున్నరేళ్ళయింది. జీతం లేని మనిషి దగ్గర ఇంత డబ్బు ఎక్కడిదని అడిగాను. వెంటనే చెప్పాడు. "మా ఆవిడదే మేడమ్. కొంత తన జీతం, కొంత గాజులు అమ్మిన డబ్బు. ఇంట్లో డబ్బేగా!" ఆడిటరుకి కాగితం మీద కావాలంటే అదే మాట ఈ-మెయిల్లో కూడా రాసి పంపాడు. దొంగ డబ్బు కాదు, అంతవరకు చూసుకుని నేను తృప్తిపడ్డాను. ఆ అప్పు ఆమె పేరున ఎందుకు లేదని అడగలేదు. ఆ కంపెనీలో ఆమెకు ఒక్క వాటా కూడా లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని ఎన్నో సభల్లో మాట్లాడిన దాన్ని నేను!

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి "ఇన్వెస్టర్" అనగానే ఒళ్ళు మండుతుందని తెలుసు. మండడానికి కారణాలున్నాయి. పెట్టుబడిదారుల డబ్బుతో పెరిగిన ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ హైదరాబాదు కంపెనీయే. 2010 ఆగస్టులో అది వాటాలు అమ్మి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలంటూ వార్తలు వస్తుండగా, అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. అక్కడ పేద స్త్రీ అప్పు తీసుకున్న మనిషి. అందుకని ప్రతి కాగితం మీదా ఆమె ఉంది. సంతకం, ఫోటో, గ్రూపు పూచీ, అన్నీ ఉన్నాయి. నేను చెబుతున్నది దానికి తలకిందులైన సంగతి. ఇక్కడ మధ్యతరగతి స్త్రీ డబ్బు ఇచ్చిన మనిషి. ఆమె ఏ కాగితం మీదా లేదు.

హైదరాబాదులో ఈ రంగం ఎదుగుదల గురించి పేపర్లలో చదివే ఉంటారు. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టి-హబ్ మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. మధ్యలో, 2018 మార్చి 8న, స్త్రీల కోసం వి-హబ్ వచ్చింది. ఇక్కడి స్కైరూట్ కంపెనీ 2022 నవంబరులో శ్రీహరికోట నుంచి రాకెట్టే ఎగరేసింది. ఇవన్నీ నిజాలే, సంతోషించదగ్గవే. పేపర్లలో రానిది ఏమిటంటే, ఈ భవనాల్లోకి అడుగు పెట్టడానికి ముందు గడిచే రెండు మూడేళ్ళు.

ఆలోచన పుట్టిన రోజు నుంచి మాలాంటివాళ్ళ చెక్కు అందేదాకా ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? కూకట్‌పల్లిలోనో, నిజాంపేటలోనో ఒక ఫ్లాటు. నెలనెలా బ్యాంకు వాయిదా. పిల్లవాడి స్కూలు ఫీజు. అత్తగారి మందులు. భార్య మాదాపూర్‌లో ఏదో కంపెనీలో పనిచేస్తుంది, ఆమె జీతమే అన్నిటికీ. ఒక్కోసారి భర్త పెట్టుకున్న ఇద్దరు ఉద్యోగుల జీతాలకు కూడా. మా భాషలో "రన్‌వే" అని ఒక మాట ఉంది. డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది అని దాని అర్థం. ప్రతివాణ్ణీ "రన్‌వే ఎంత?" అని అడుగుతాం. "మా ఆవిడకి ఉద్యోగం ఉంది, ఫరవాలేదు" అంటాడు. మేం తలాడిస్తాం. భార్య సంపాదిస్తున్న మగవాడు తొందరగా పారిపోడు, కంపెనీ నుంచి జీతం తక్కువ తీసుకుంటాడు, మా డబ్బు నిలుస్తుంది. అంటే ఆమె జీతం మా పెట్టుబడికి పూచీకత్తు. దానికి వడ్డీ లేదు, వాటా లేదు, ఆమెను అడిగినవాడూ లేడు.

అదే ఒక ఆడమనిషి కంపెనీ పెడతానని వచ్చి ఎదురుగా కూర్చుంటే ఇదంతా తిరగబడుతుంది. మొగుడి ఉద్యోగం అప్పుడు భరోసాగా కనిపించదు. "అతనికి బదిలీ అయితే మీరేం చేస్తారు?" అని అడుగుతాం. న్యూయార్కులో జరిగే ఒక స్టార్టప్ పోటీలో ఇన్వెస్టర్లు వేసిన ప్రశ్నలను విశ్లేషించి కొందరు పరిశోధకులు 2017లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. మగవాళ్ళను అడిగినవాటిలో 67 శాతం ఎంత ఎదగగలరో చెప్పమనేవి. ఆడవాళ్ళను అడిగినవాటిలో 66 శాతం నష్టపోకుండా ఎలా నెట్టుకొస్తారో చెప్పమనేవి. అడిగినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు, వాళ్ళూ అలాగే అడిగారు. అది చదివి నా పాత నోటు పుస్తకాలు తీసి చూసుకున్నాను. ఒకమ్మాయి పేరు పక్కన "రెండో కాన్పు?" అని నా చేతిరాతే ఉంది.

ఇక్కడి స్థానిక పెట్టుబడిలో చాలా భాగం భూమి నుంచి వచ్చినదని నా అనుభవం. ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల పొలం అమ్మినవాళ్ళు, కాంట్రాక్టులు, మందుల కంపెనీలు ఉన్నవాళ్ళు, అమెరికా నుంచి పంపేవాళ్ళు. వీళ్ళ మధ్య ఒక మాట తిరుగుతూ ఉంటుంది. "మనవాడే." ఊరు, కులం, కాలేజీ అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. "మన అమ్మాయే, పెట్టండి" అని ఎవరూ అనగా నేను వినలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే, దేశమంతటా 2005లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టంలోకి వచ్చింది. ఆ భూమి అమ్మే రోజున అక్కచెల్లెళ్ళను పిలిపించి, చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించుకోవడం కూడా మనకు తెలిసినదే. ఆ సంతకాల మీద వచ్చిన డబ్బు ఎవరి స్టార్టప్‌లో తేలుతోందో ఎవరైనా లెక్క తీయాలి.

కాగితం మీద భార్య పేరు ఉండే సందర్భం కూడా ఒకటుంది. ప్రైవేటు కంపెనీ పెట్టాలంటే కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదార్లు కావాలి. రెండో మనిషి దొరకకపోతే భార్య ఉండనే ఉంది! వందకి ఒక వాటా, డైరెక్టరు హోదా. సంతకం పెట్టమన్న చోట పెడుతుంది. సర్పంచి భార్య, అధికారం భర్తది అని మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నదే కంపెనీలోనూ. తేడా ఏమిటంటే ఇక్కడ బాధ్యత మాత్రం నిజంగానే ఆమె మీద పడుతుంది. వరసగా మూడేళ్ళు లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు అయిదేళ్ళపాటు అనర్హులవుతారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ఒక్కసారిగా లక్షల మందిని అలా అనర్హుల జాబితాలో పెట్టింది. అందులో తన పేరు ఉందని, తాను డైరెక్టరునని కూడా అప్పుడే తెలిసిన ఒక టీచరు నాకు పరిచయం.

మళ్ళీ ఆ కుర్రవాడి దగ్గరికి వస్తాను. 2021లో వాళ్ళ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. నేను పెట్టిన 8 లక్షలకు 26 లక్షలు వచ్చాయి. అమ్మకానికి ముందు "డైరెక్టరు నుంచి అప్పు" మొత్తం తీర్చేశారు. డైరెక్టరు ఖాతాకి. అప్పటికే ఆలుమగలిద్దరూ విడిగా ఉంటున్నారని నాకు తెలియదు. 2022లో ఆమె ఫోన్ చేసింది. గొంతు నెమ్మదిగా ఉంది. "అది నా డబ్బని ఆయన ఎక్కడైనా రాసిన కాగితం మీ దగ్గరుందా మేడమ్? కోర్టులో ఆయన అసలు నేనేమీ ఇవ్వలేదంటున్నారు."

ఈ-మెయిల్ నా దగ్గరుంది. వెంటనే ఇవ్వలేదు. తోటి ఇన్వెస్టర్లలో ఒకాయన, "అలా కాగితాలు బయటికిస్తే రేపు మన దగ్గరికి ఎవడొస్తాడండీ?" అన్నాడు. లాయరును అడిగాను, చుట్టాల్ని అడిగాను. చివరికి ఇచ్చాను, రెండు వారాల తర్వాత. ఈలోపు ఒక వాయిదా అయిపోయింది. ఆమె నన్ను ఏమీ అనలేదు.

గాజుల సంగతిలో చట్టం ఆమెవైపు ఉంది. స్త్రీధనం మీద హక్కు పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది, 2024లో ఇంకో కేసులో మళ్ళీ చెప్పింది. జీతం సంగతే చిక్కు. గోవాలో అమల్లో ఉన్న పాత పోర్చుగీసు చట్టం లాంటిది తప్ప, పెళ్ళయ్యాక కూడబెట్టినది ఇద్దరిదీ అనే చట్టం మనకు లేదు. ఆమె జీతం బియ్యానికీ, బ్యాంకు వాయిదాకీ ఖర్చయిపోయింది, అతని శ్రమ కంపెనీ వాటాగా నిలిచింది. ఇద్దరూ కష్టపడ్డారు. ఒకరిది మాత్రం ఆస్తి అయింది.

మీ కేంద్రాలకు భరణం కేసులు వస్తుంటాయి. భర్త స్టార్టప్ యజమాని అయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి, నేను ఇది రాస్తున్నదే అందుకు. అతను కోర్టులో "నా జీతం నెలకు 40 వేలు" అంటాడు. అది అబద్ధం కాదు. జీతాన్ని అంతకు మించనివ్వనిది మేమే! అతని ఆస్తి జీతంలో ఉండదు, వాటాల్లో ఉంటుంది. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని 2020 నవంబరులో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో అతను 6,000 వాటాలు, ముఖవిలువ 10 రూపాయలు, మొత్తం 60 వేలు అని రాస్తాడు. కానీ ఆ కంపెనీ కొత్తగా వాటాలు జారీ చేసినప్పుడల్లా పిఎఎస్-3 అనే ఫారం కంపెనీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మాలాంటివాళ్ళు ఒక్కో వాటా ఎంత ధరకు కొన్నామో అందులో ఉంటుంది. అది 4,000 రూపాయలనుకోండి, అతని 6,000 వాటాల విలువ 2 కోట్ల 40 లక్షలు. వార్షిక రిటర్నులో వాటాదారుల జాబితా ఉంటుంది. ఇవి రహస్యాలేమీ కావు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ దగ్గర కొద్దిపాటి రుసుము కట్టి చూడవచ్చు. మీకు తెలిసిన కంపెనీ సెక్రటరీని ఎవరినైనా అడిగితే తీసిస్తారు.

ఆ 2 కోట్ల 40 లక్షలు కాగితం మీద విలువేనని కూడా చెప్పాలి. నేను డబ్బు పెట్టిన పదకొండు కంపెనీల్లో ఏడు మూతపడ్డాయి. వాటిలో వాటాలు చిత్తుకాగితాలే. కోర్టు ఆ అంకెనంతా నమ్మాలని నేననడం లేదు. అతన్ని నలభై వేల జీతగాడిగా మాత్రమే చూడకూడదంటున్నాను.

2023 నుంచి నేను డబ్బు పెట్టే ముందు ఒక షరతు పెడుతున్నాను. కంపెనీలోకి భార్య డబ్బు వచ్చి ఉంటే, అది ఆమె పేరునే అప్పుగా రాయాలి, లేకపోతే ఆమెకు వాటా ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీ డైరెక్టరు నుంచే కాదు, అతని బంధువు నుంచి కూడా అప్పు తీసుకోవచ్చు. తాను అప్పు తెచ్చి ఇస్తున్న డబ్బు కాదని ఆమె ప్రకటన రాసివ్వాలి, అంతే. నేను తప్ప ఇంకెవరూ ఈ షరతు పెట్టరు. నా వెనకాల "కాపురాలు కూల్చే ఇన్వెస్టర్" అని పేరు కూడా పెట్టారట. మరీ విడ్డూరం, గాజులు అమ్మించినప్పుడు కూలని కాపురం కాగితం రాస్తే కూలుతుందట!

అయితే ఇది తేలిక అని చెప్పలేను. పోయిన నెల ఒక కుర్రవాడు అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నాడు. భార్య ఇచ్చిన 14 లక్షలకు కాగితం రాద్దామన్నాడు. ఆ రాత్రి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మా అత్తగారు రెండ్రోజులుగా అన్నం తినడం లేదండీ. కొడుకుని కోడలు అప్పులవాణ్ణి చేసిందంటున్నారు. ఆ కాగితం వద్దులెండి, మీరు డబ్బు మాత్రం ఇవ్వండి" అంది. నీ పేరున రాయకుండా ఇవ్వలేనన్నాను. ఆ మాట అనడానికి నాకేం హక్కుందో, ఆమె ఇంట్లో ఆమె పడేదేదో ఆమెకే కదా తెలుసు అని కూడా అనిపిస్తోంది. ఆమె ఆలోచించుకుని చెబుతానంది. ఇంకా ఫోన్ రాలేదు. చెక్కు నా దగ్గరే ఉంది.