మైలుతుత్తం విడి అమ్మకానికి తెరపడాలి

ద్రాక్షకు పట్టే బూజు తెగులును అదుపు చేయడానికీ, పశువుల గిట్టలను ముంచే నీటిలో క్రిమిసంహారిణిగానూ వాడే మైలుతుత్తం, అంటే నీలి స్ఫటికాల రూపంలో ఉండే కాపర్ సల్ఫేట్, బెంగళూరు బ్లూ ద్రాక్ష పండే హొసకోటె వంటి ప్రాంతాల రైతులకు పాత పరిచయమున్న సరుకు. ఆ పరిచయమే దాని విషగుణాన్ని మరుగుపరుస్తోంది కనుక, హెచ్చరిక చీటీ లేని పొట్లాల్లో దానిని విడిగా అమ్మడాన్ని పూర్తిగా నిలిపివేయాలి.

ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో మైలుతుత్తం, సున్నం కలిపిన ద్రవం తెగులును ఆపుతుందని శాస్త్రజ్ఞుడు మిలార్దే 1885లో లోకానికి చాటాడు. బోర్డో మిశ్రమంగా పేరుపడిన ఆ ద్రవంలోని రాగి, శిలీంధ్ర బీజాల్లోని ఎంజైములను, అంటే జీవక్రియలను నడిపే ప్రోటీన్లను, పనిచేయనివ్వదు. ఆ రాగే మనిషి కడుపులోకి పోతే జీర్ణనాళపు లోపలి పొరను తినివేసి, ఎర్ర రక్తకణాలను చిట్లించి, కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఒకప్పుడు వాంతి చేయించడానికి వైద్యులు వాడిన ఈ పదార్థాన్ని దాని ప్రమాదం తెలిశాక వారే పక్కన పెట్టారు. దీనిని మింగి ఆసుపత్రి పాలైనవారి గురించి ఢిల్లీ వైద్యులు 1965లోనే అధ్యయనం ప్రచురించారు.

మింగితేనే ముప్పు అనుకోవడమూ పొరపాటే. ఏళ్ల తరబడి బోర్డో మిశ్రమం తుంపరలను పీల్చిన ద్రాక్షతోట కూలీల ఊపిరితిత్తుల్లో రాగితో కూడిన గడ్డలూ మచ్చలూ ఏర్పడటాన్ని పోర్చుగల్ వైద్యులు 1969లో నమోదు చేశారు. పైగా రాగి మూలకం కాబట్టి విరిగి నశించదు, ఏటేటా నేలలో పేరుకుంటుంది. వానపాములకు హాని చేస్తుంది, వాననీటితో చెరువు చేరితే చేపలకూ ముప్పు తెస్తుంది. సేంద్రియ సాగులోనూ రాగిని అనుమతించే ఐరోపా సమాఖ్య, ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించకూడదని హద్దు గీసింది అందుకే.

తెగులుతో పంట నష్టపోయే రైతుకు మైలుతుత్తం అవసరమేనన్నది నిజం. అందుకే కోరేది నిషేధం కాదు, క్రమశిక్షణ. మన దేశంలో 1968 నాటి క్రిమిసంహారక చట్టమూ, చీటీ మీద విషతీవ్రతను రంగుల త్రిభుజంతో చూపాలనీ, మందుతో పనిచేసేవారికి రక్షణ దుస్తులు ఇవ్వాలనీ చెప్పే 1971 నియమాలూ ఉండగా, పొట్లంలో కట్టి ఇచ్చే విషం ఆ నియమాలన్నిటినీ ఒక్కసారిగా దాటిపోతుంది. పొట్లం మీద ప్రమాద సూచన ఉండదు, విరుగుడు వివరం ఉండదు, పిల్లలకు అందని చోట దాచమనే మాట ఉండదు.

కనుక సీలు వేసిన ప్యాకెట్లలో, రసీదుతోనే అమ్మకం జరగాలి. కూలీకి ముఖతొడుగు, చేతితొడుగులు, కళ్లద్దాలు సమకూర్చడం తోట యజమాని ఖర్చుగానే ఉండాలి. భూసార కార్డులో రాగి లోపాన్ని చూసినట్టే, ద్రాక్ష పండే నేలల్లో దాని మితిమీరిన నిల్వనూ కొలిచి రైతుకు చెప్పాలి. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం అనే కొలతనూ, మిశ్రమంలో ముంచిన ఇనుప కత్తికి ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదనే పరీక్షనూ వ్యవసాయాధికారులు తోటల్లోనే చూపాలి. పంటను కాపాడే మందు, దాన్ని చల్లే చేతులను బలి తీసుకోకూడదు.