తరుగు పేరిట తగని వాదము

స్వర్ణముఖి సముద్రమునకు చేరువగు వాకాటి ప్రాంతమున, రొయ్యల గుంటలు విస్తరించిన నేలయందు, సౌరవిద్యుత్తు ప్రస్తావన వచ్చినంతనే పలువురు పలుకు మాట యొకటి కలదు: ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ విద్యుత్తెందులకని. ఈ ప్రశ్న నిరాధారమైనది కాదు. గుంటనీటిలోని సూక్ష్మశైవలములు పగలు ప్రాణవాయువును విడుచుచు, రాత్రి తామే దానిని గ్రహించును గావున, ఏరేటర్లు తప్పక తిరుగవలసిన సమయము నడిరేయి మొదలు వేకువ వఱకు. ఆ వేళ కరెంటు పోయినచో నెలల శ్రమ తెల్లవాఱునప్పటికి నీటిపై తేలును. కాని యింతమాత్రమున, కృష్ణపట్నమునందలి బొగ్గు కేంద్రము తప్ప గతి లేదనియు, పగటి విద్యుత్తుతో నీటిని పైకెక్కించి రాత్రి దింపుట వట్టి దుబారా యనియు తీర్మానించు వాదమును నేనంగీకరింపజాలను.

నాలుగు యూనిట్లు వెచ్చించి మూడింటిని పొందుట నష్టము కాదా యని వారందురు. నూటికి ఇరువదియైదు వంతుల వఱకు తరుగు పోవుట సత్యమే. అయితే మధ్యాహ్నము గిరాకీని మించి, గ్రిడ్డు స్వీకరింపజాలక నిలిపివేయబడు విద్యుత్తునకును, రాత్రి ఎంత వెలకును చాలినంత దొరకని విద్యుత్తునకును ఒకే ధర కట్టి లెక్కించుట యే న్యాయము? తరుగునకు వెఱచి ధాన్యమును గాదెకెత్తక కళ్లమునందే విడిచిన రైతును లెక్క తెలిసినవాడని యెవ్వరందురు?

మఱియు నీటిని నిలుపుటకు ఎల్లప్పుడు ఎక్కింపనక్కఱయే లేదు. శ్రీశైలమునందు మధ్యాహ్నము టర్బైన్లను తగ్గించి, ఆ లోటును ఎండచేత పూరించి, మిగిల్చిన నీటిని సంధ్యవేళ విడిచిన యెడల పంపుల వలని తరుగే యుండదు. నీటి టర్బైను కొలది నిముషములలో పూర్తి బలమందును. చల్లారిన బొగ్గు బాయిలరునకు గంటలు పట్టును. సేద్యపు నీటిని కరెంటుకై దోతురను భయము గౌరవింపదగినదే కాని, ఇందు మాఱునది నీరు విడుచు వేళయే గాని పరిమాణము కాదు. దిగువ కొలను ఒకటి యున్నచో కాలువలకు ఆ భేదమైనను తెలియదు.

ఆ దిగువ కొలను విషయమే మన వైఫల్యము. నాగార్జునసాగరునందు 100.8 మెగావాట్ల ద్విముఖ యంత్రములు ఏడును, శ్రీశైలము ఎడమగట్టున భూగర్భమునందు 150 మెగావాట్లవి ఆరును నెలకొన్నవి. రాత్రి మిగులు విద్యుత్తుతో నీటినెక్కించి పగలు దింపుట ఆనాటి తలంపు. ఎండ నేడా క్రమమును తలక్రిందులు చేసినది. కాని సాగరు యంత్రములు కొలను లేమిచే దశాబ్దములపాటు నీటిని దింపుటయే గాని యెక్కించు పని చేయజాలకపోయినవి. కట్టనివారి దోషమును పద్ధతికంటగట్టుట అన్యాయము. 2022లో శంకుస్థాపన జరిగిన పిన్నాపురము పథకమున 1,680 మెగావాట్ల నిల్వ కేంద్రము గోరుకల్లు జలాశయమునుండి నీటిని గైకొని, రెండు కొలనుల నడుమ దానినే త్రిప్పునట్లు రూపొందినది. మరల పూరింపవలసినది ముఖ్యముగ ఆవిరియైనంతయే.

కొండ లేని మా తీరమున ఇట్టి కొలనులు పొసగవు; తీగలు పొసగును. కనుక వాకాటి రైతు ప్రభుత్వమును అడుగవలసినది మఱియొక బొగ్గు బాయిలరును గాదు. సౌరవిద్యుత్తు కొనుగోలు ఒప్పందము వ్రాయునప్పుడెల్ల, సూర్యాస్తమయానంతరము ఎన్ని గంటలు, ఎన్ని మెగావాట్లు ఇత్తురను షరతును అందు చేర్చుమని.