ఫోన్‌లో సంతకం పెట్టాం, సరే! ఆ తర్వాత?

ఈ మధ్య ఏ పల్లెకు పోయినా మన పిల్లలు ఒకటే మాట చెబుతున్నారు. "సార్, ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టాం. వేల సంతకాలు వచ్చినయ్. ఇక ప్రభుత్వం దిగి రాక తప్పదు." పక్కనే అరుగు మీద కూర్చున్న పెద్దాయన నవ్వుతాడు. "కాగితం మీద మేం వేసిన వేలిముద్రలకే దిగి రాలేదురా, గాల్లో పెట్టిన సంతకానికి దిగొస్తదా?" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం ఏమిటో తేల్చుకోకపోతే నష్టపోయేది ఉద్యమమే.

ముందు చట్టం సంగతి చూద్దాం. బ్రిటన్‌లో పార్లమెంటే ఆన్‌లైన్ పిటిషన్లు తీసుకుంటుంది. 10 వేల సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబు ఇస్తుంది. లక్ష దాటితే సభలో చర్చకు పరిశీలిస్తారు. అంత ఏర్పాటు ఉన్న దేశంలోనే, యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు పోవద్దని 2019లో 60 లక్షల మందికి పైగా సంతకం చేశారు. జవాబు వచ్చింది, చర్చ జరిగింది, కోరిక మాత్రం తీరలేదు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటకు పోనే పోయింది.

మన దగ్గర ఆ మాత్రం కట్టుబాటు కూడా లేదు. ఎవరో ప్రైవేటు వాళ్లు నడిపే వెబ్‌సైటులో లక్షమంది సంతకం చేసినా ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలనే చట్టం ఢిల్లీలో లేదు, హైదరాబాదులో లేదు, అమరావతిలో లేదు. లోక్‌సభకు అర్జీ పెట్టే పద్ధతి ఉంది గానీ ఎంపీ ద్వారా పెడితే దాని మీద ఆ ఎంపీ సంతకం కూడా ఉండాలి. రిజర్వుడు సీట్లలో గెలిచిన మన ఎంపీలను ఆ సంతకం ఎన్నిసార్లు పెట్టారయ్యా అని అడగాల్సింది మనమే.

అయితే ఆన్‌లైన్ సంతకం ఎప్పుడూ పనిచేయలేదా? చేసింది. ఇంటర్నెట్ వాడకం మీద ఎలాంటి నిబంధనలు ఉండాలో చెప్పమని 2015లో ట్రాయ్ సంస్థ జనాన్ని అడిగింది. 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు పోయినయ్. 2016 ఫిబ్రవరి 8న, ధరల్లో వివక్ష కుదరదని ట్రాయ్ నిబంధన తెచ్చింది. ఎందుకు గెలిచింది? అడిగింది ప్రభుత్వ సంస్థే. గడువు పెట్టింది. వచ్చిన అభిప్రాయాలు చూడాల్సిన పని దాని మీద ఉంది. పైగా ఆ రాసినవాళ్లు చాలావరకు ఇంగ్లీషు వచ్చిన పట్నపోళ్లు. వాళ్ల వెనక పత్రికలు నిలబడ్డయ్. మాదిగపల్లె శ్మశానం దారి గురించి అభిప్రాయం చెప్పమని మనల్ని ఏ ట్రాయ్ అడిగింది?

ఇక మన చరిత్రలోకి వద్దాం. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల తీర్పు అట్రాసిటీ చట్టం కోరలు పీకింది. కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ అంది. అరెస్టు చేయాలంటే పైఅధికారి అనుమతి అంది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. దానికి పెద్ద పార్టీ జెండా లేదు. కబురు ఎక్కువగా ఫోన్లలోనే పాకింది. కానీ జనం ఫోన్‌లో ఉండిపోలేదు, రోడ్డెక్కారు. మధ్యప్రదేశ్‌లో గ్వాలియర్, భిండ్ ప్రాంతాల్లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజే కేంద్రం రివ్యూ పిటిషన్ వేసింది. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ వరసను మన పిల్లలకు పాఠంలా చెప్పాలి. ఫోన్ జనాన్ని పిలిచింది. చట్టాన్ని నిలబెట్టింది మాత్రం జనం.

చుండూరును మరిచిపోగలమా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. బాధితులు మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అర్జీ ఇచ్చి ఇంటికి పోయిన పోరాటం కాదది. ఏళ్ల తరబడి కాపలా కాసిన పోరాటం.

మా మండలంలో జరిగింది చెబుతా. ఒక పల్లెలో శ్మశానానికి దారి లేదు. పిల్లలు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టారు. నెల తిరగకుండా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడింది." అదే వారం ఒక ముసలమ్మ చనిపోతే పాడెను మోకాలి లోతు బురదలో, ఇంకొకరి పొలం గట్టు మీద తిట్లు తింటూ మోసుకుపోయారు. ఆ మెసేజ్ కాగితం మీద అచ్చు తీయించి, అరవై మంది సోమవారం కలెక్టరాఫీసుకు పోయారు. ఆడవాళ్లే ముందు నిలబడ్డారు. "ఎక్కడ పరిష్కరించారో చూపించండి సార్" అన్నారు. పదిహేను రోజుల్లో సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. దారి ఇంకా పడలేదు, కొలతలు మాత్రం పడ్డయ్. అర్జీని పిల్లల ఫోన్ పుట్టించింది, చంపేసిన అర్జీని బతికించింది అరవై జతల కాళ్లు.

కాబట్టి మిత్రులారా, ఫోన్‌ను పారేయొద్దు, దాన్నే నమ్ముకోనూ వద్దు. ఈ పనులు చేద్దాం.

ఒకటి: పిటిషన్‌లో "న్యాయం చేయండి" అని రాసి వదిలేయొద్దు. ఏ అధికారి, ఏ చట్టం కింద, ఏ తేదీలోగా, ఏం చేయాలో రాయాలి.

రెండు: ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి అర్జీనీ కాగితం మీద కూడా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఫోన్ లేని తల్లుల వేలిముద్రలు అందులో ముందుండాలి.

మూడు: దాడి జరిగితే పిటిషన్ కాదు, ముందు ఎఫ్ఐఆర్. 2024 జూలై 1 నుంచి ఫిర్యాదు ఫోన్‌లో, కంప్యూటర్లో కూడా పంపొచ్చు. కానీ మూడు రోజుల్లోగా సంతకం చేయాలి, లేకపోతే అది ఎక్కదు. నోటితో చెప్పింది రాసి, చదివి వినిపించి, కాపీ ఉచితంగా ఇవ్వాలని అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. కావాలని ఆ విధి తప్పిన ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు.

నాలుగు: జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. 30 రోజుల్లో చెప్పాలి. దారిద్య్రరేఖ దిగువ వారికి ఫీజు లేదు.

ఐదు: జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఈ ఏడాది ఎన్నిసార్లు కూర్చుందో ప్రతి జిల్లాలో అడగాలి.

లక్ష సంతకాలు చూసి భయపడని అధికారి, తన గుమ్మం ముందు వారం వారం వచ్చి నిలబడే అరవై మందిని చూసి లెక్కలు వేసుకుంటాడు. ఫోన్‌లో సంతకం పెట్టిన ప్రతి తమ్ముడినీ, చెల్లెలినీ ఒకటే అడుగుదాం: సోమవారం వస్తున్నావా?

జై భీం!