చెరువు పటం దాచొద్దు

హైదరాబాద్‌లో చెరువుకు హద్దు ఏదంటే ఒక్కో శాఖది ఒక్కో లెక్క. రెవెన్యూకు చెరువు గర్భంలోని శిఖం భూమి రికార్డు, నీటిపారుదల శాఖకు అలుగు మట్టం, మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు మాస్టర్‌ప్లాన్. స్థలం కొనే మధ్యతరగతి మనిషికి మాత్రం అమ్మేవాడి మాటే ఆధారం.

2024 జులైలో విపత్తుల స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక బుల్డోజర్లు కదిలాయి. చెరువులో కట్టినవి పోవాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు. కానీ అనుమతి పత్రాలు, బ్యాంకు రుణ కాగితాలు పట్టుకుని రోడ్డున పడ్డవారు అడిగిన ప్రశ్నకు జవాబేది? ముందే ఎందుకు చెప్పలేదు?

నిబంధనల్లో అస్పష్టత లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఎక్కడి నుంచి కొలవాలన్నదే తగువు. బఫర్ మొదలయ్యేది పూర్తిస్థాయి నీటిమట్టపు గీత నుంచి; ఆ గీతను అలుగు ఎత్తును బట్టి గీస్తారు. రాత్రికి రాత్రి అలుగు పగలగొట్టినా, మట్టి పోసి గర్భాన్ని పూడ్చినా కొత్త సర్వేలో చెరువు చిక్కిపోతుంది. ఆక్రమణదారు చేసిన పనికి ప్రభుత్వ ముద్ర పడుతుంది! అందుకే పాత గ్రామ పటాలు, సర్వే ఆఫ్ ఇండియా పటాలు, ఏళ్లవారీ ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చకుండా ఏ హద్దునూ ఖరారు చేయరాదు.

చెరువులను మాత్రమే గీస్తే చాలదు. ఇవి గొలుసుకట్టు చెరువులు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలను ముంచాయి. పై చెరువు నీరు కింది చెరువుకు చేరే నాలా కూడా పటంలో ఉండాలి.

గంట గంటకూ ఏ ప్రాంతంలో ఎంత వాన పడిందో ప్రభుత్వం ఇప్పుడు ప్రజల ముందు పెడుతోంది. చెరువు హద్దుల విషయంలోనే గోప్యత ఎందుకు? హద్దులు బయటపెడితే భూముల ధరలు పడిపోతాయన్నది రియల్టర్ల వాదన. పడనివ్వండి. మునిగే స్థలానికి ఆ ధర ఉండటమే తప్పు.

అన్ని శాఖలకూ ఒకే పటం ఉండాలి. సర్వే నంబర్లవారీగా దాన్ని ప్రకటించి, గడువు పెట్టి అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు, ఇళ్ల అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థకు దాన్ని అనుసంధానించాలి. 500 చదరపు మీటర్ల దాకా స్థలాల్లో ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తున్నప్పుడు ఈ అడ్డుకట్ట లేకపోవడం ప్రమాదకరం. అప్పటిదాకా చెరువుల పక్కన కొత్త లేఅవుట్లు ఆపాలి. ఖరారైన హద్దు లోపల ఎవరైనా అనుమతి ఇస్తే ఆ అధికారి పేరు, హోదా, తేదీ ఆ పటంపైనే అందరికీ కనిపించాలి.